సరిహద్దు దాటే అవినీతి సొమ్ముపై పరిశోధన: నిధుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, మల్కన్‌గిరి ప్రాంతాల నుంచి తెలుగులో వార్తలు రాసేవాళ్ల కోసం ఈ ప్రశ్నోత్తరాలు. చట్టం ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా మీ ఒప్పందాన్ని సీఏకీ, వకీలుకీ చూపించాకే సంతకం పెట్టండి. ఆ సలహాకయ్యే ఖర్చు కూడా బడ్జెట్‌లోనే వెయ్యండి.

మాది రాష్ట్ర సరిహద్దు. దాన్ని దాటిన కథకు అంతర్జాతీయ నిధి వస్తుందా?

రాష్ట్ర సరిహద్దు ఒక్కటే అయితే దాదాపుగా రాదు. నిధి సంస్థలు సరిహద్దు అన్నప్పుడు వాటి మనసులో ఉండేది దేశ సరిహద్దు. వంశధార ఇసుక గుణుపురం వైపు నుంచి శ్రీకాకుళం జిల్లాలోకి అక్రమంగా వెళ్తోందని మీ దగ్గర ఆధారాలుంటే అది మంచి కథే. కానీ దానికి దేశంలోని డబ్బే వెతుక్కోవాలి.

గ్రానైట్ సంగతి వేరు. ఒక ఉదాహరణ ఊహించుకుందాం: క్వారీ లీజు గజపతి జిల్లాలో, కంపెనీ రిజిస్ట్రేషన్ విశాఖలో, సరుకు హాంకాంగ్‌కు, బిల్లు మాత్రం దుబాయ్‌లోని మరో కంపెనీ పేరు మీద. ఘనపు మీటరు ధర బిల్లులో తక్కువ చూపించి, అసలు ధరకీ దానికీ ఉన్న తేడాను దుబాయ్ ఖాతాలోనే ఉంచుకుంటే దాన్ని అండర్ ఇన్‌వాయిసింగ్ అంటారు. దొంగ సొమ్ము దేశం దాటే దారుల్లో ఇది బాగా పాతది. ఈ గొలుసులో కనీసం రెండు దేశాల కాగితాలు చూపించగలిగితే అంతర్జాతీయ నిధికి అర్హత వచ్చినట్టే. నిధి కోసమని ఇసుక కథకు దుబాయ్ తోక తగిలించకండి. దరఖాస్తులు చదివేవాళ్లు దాన్ని రెండో పేరాలోనే పట్టేస్తారు.

డబ్బు ఇచ్చేవాళ్లు ఎవరు?

వాషింగ్టన్‌లోని పులిట్జర్ సెంటర్ ఫ్రీలాన్సర్లకూ, పత్రికల ఉద్యోగులకూ ప్రాజెక్టుల వారీగా ఇస్తుంది. బ్రస్సెల్స్ కేంద్రంగా ఉన్న జర్నలిజంఫండ్ యూరప్‌కు కథలో ఐరోపా కోణం కావాలి. ఐజే4ఈయూ పథకం ఒక్కో జట్టుకు 50,000 యూరోల దాకా ఇస్తుంది గానీ జట్టు కనీసం రెండు ఐరోపా దేశాల్లో ఉండాలి. అంటే మీ క్వారీ కథకు అక్కడి విలేకరి ఎవరైనా ముందు నిలబడాలి, మీరు ఇటువైపు పని చూసుకోవాలి. 1969లో మొదలైన అమెరికా సంస్థ ఫండ్ ఫర్ ఇన్వెస్టిగేటివ్ జర్నలిజం 10,000 డాలర్ల దాకా ఇస్తుంది, కథకు అమెరికాతో గట్టి ముడి ఉంటేనే. మన దేశంలో బెంగళూరు కేంద్రంగా ఉన్న ఐపీఎస్ఎంఎఫ్ (ఇండిపెండెంట్ అండ్ పబ్లిక్ స్పిరిటెడ్ మీడియా ఫౌండేషన్) మీడియా సంస్థలకు తోడ్పడుతుంది. కాబట్టి మీరు ఏదో ఒక సంస్థ ద్వారానే వెళ్లాలి.

విదేశాల్లో దాచిన సంపద గుట్టు విప్పిన పనామా పేపర్స్ (2016), పండోరా పేపర్స్ (2021) తెచ్చిన ఐసీఐజేని, 2006లో మొదలైన ఓసీసీఆర్‌పీని చాలామంది నిధి సంస్థలనుకుంటారు. అవి ప్రధానంగా పరిశోధన చేసే సంస్థలు. వాటి దగ్గర దొరికేది డేటా, సాధనాలు, పక్క దేశంలో తోడు విలేకరి. ఒక్కోసారి డబ్బుకన్నా అదే విలువైనది. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయం నిలిపేసినప్పుడు ఓసీసీఆర్‌పీ సహా చాలా సంస్థలు సిబ్బందిని తగ్గించుకోవాల్సి వచ్చింది. ఒకే నిధి మీద ఆధారపడి పని మొదలుపెట్టకండి.

విదేశీ డబ్బు తీసుకుంటే ఎఫ్‌సీఆర్‌ఏ కింద కేసు అవుతుందా?

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు సరిగ్గా తెలుసుకుంటే మిగతావన్నీ సర్దుకోవచ్చు, అందుకే కాస్త ఓపిగ్గా చదవండి. ఎఫ్‌సీఆర్‌ఏ అంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం. దాని సెక్షన్ 3 ప్రకారం రిజిస్టర్డ్ వార్తాపత్రిక విలేకరి, కాలమిస్టు, కార్టూనిస్టు, ఎడిటర్, యజమాని, ప్రింటర్, పబ్లిషర్ విదేశీ విరాళం తీసుకోకూడదు. ఎలక్ట్రానిక్ మార్గంలో ఆడియో, వీడియో వార్తలు ఇచ్చే కంపెనీలకూ, వాటి విలేకరులకూ అదే నిషేధం. ముందస్తు అనుమతి తెచ్చుకుని గట్టెక్కే వీలు వీళ్లకు లేదు. ఉల్లంఘిస్తే సెక్షన్ 35 కింద 5 ఏళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

అదే చట్టంలోని సెక్షన్ 4 కొన్ని మినహాయింపులిచ్చింది. చేసిన పనికి రావాల్సిన జీతం, వేతనం, పారితోషికం వాటిలో ఉన్నాయి. స్కాలర్‌షిప్, స్టైపెండ్, ఆ కోవలోని చెల్లింపులూ ఉన్నాయి. వృత్తి వ్యాపారాల్లో భాగంగా ఇచ్చిన సేవకు తీసుకున్న ఫీజు అసలు విరాళమే కాదని నిర్వచనంలోనే ఉంది. కాబట్టి ఫలానా దేశపు పత్రికకు ఫలానా తేదీలోపు ఇన్ని పదాల వ్యాసం, ఇన్ని పత్రాల విశ్లేషణ అందిస్తాను, దానికి ఇంత ఫీజు అనేది నిలబడే ఒప్పందం. "పరిశోధనాత్మక జర్నలిజానికి తోడ్పాటుగా ఇస్తున్నాం" అన్నది చిక్కు తెచ్చిపెట్టే ఒప్పందం.

పైన సర్వీసు అగ్రిమెంట్ అని పేరు పెట్టి, లోపల మిగిలిన సొమ్ము తిరిగివ్వాలి, ఖర్చుల రసీదులన్నీ పంపాలి, లక్ష్యాల నివేదిక ఇవ్వాలి అని గ్రాంట్ షరతులు రాస్తే పేరు మారిందే తప్ప స్వభావం మారలేదు. నిధి సంస్థ తన పాత నమూనానే పంపిస్తుంది. దాన్ని మార్చమని అడగండి. భారత విలేకరుల విషయంలో ఈ మార్పు చాలా సంస్థలకు కొత్తేమీ కాదు.

ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉన్న స్థానిక ఎన్‌జీఓ "మా ఖాతాలో వేయించి మీకిస్తాం" అంటే వద్దనండి. 2020 సవరణ తర్వాత వచ్చిన విదేశీ విరాళాన్ని మరొకరికి బదిలీ చెయ్యడం పూర్తిగా నిషేధం. మీకు చిక్కు రావడమే కాదు, వాళ్ల రిజిస్ట్రేషన్ కూడా పోయే ప్రమాదం ఉంది.

అమెరికాలో ఉన్న మా ఊరివాళ్లు చందా వేసుకుని ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

ముందు వాళ్ల పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. భారత పౌరుడిగానే ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పర్లాకిమిడిలో పుట్టినా, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, చట్టం దృష్టిలో విదేశీ మూలమే. పదిమంది కలిసి ఒకరి ఖాతా నుంచి పంపితే ఆ పదిమందిలో ఎవరు ఏ పౌరులో తేలదు. అందుకే ఉమ్మడి చందా వద్దు. ఇంకో మాట: ఇచ్చేవారి బావమరిదికి మీరు రాయబోయే క్వారీలో వాటా ఉందేమో కూడా చూసుకోండి. ఈ జిల్లాల్లో అది మరీ అరుదైన సంగతేమీ కాదు.

సొమ్ము ఏ దారిలో రావాలి?

బ్యాంకు నుంచి బ్యాంకుకే. సొమ్ము దేనికోసం వచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ బ్యాంకు అడిగితే ఒప్పందంలో ఉన్న సేవకు సరిపోయే కోడ్ రాయండి, విరాళం కోడ్ పొరపాటున కూడా వద్దు. జయపురం, గుణుపురం లాంటి చోట్ల బ్రాంచి సిబ్బందికి విదేశీ జమలు రోజూ వచ్చేవి కావు. సొమ్ము రాకముందే ఒప్పందం, ఇన్‌వాయిస్ నకళ్లు పట్టుకెళ్లి మేనేజర్‌తో మాట్లాడితే జమ ఆగిపోదు. ప్రతి విడతకూ ఇన్‌వర్డ్ రెమిటెన్స్ అడ్వైజ్ (విదేశీ సొమ్ము జమైనట్టు బ్యాంకు ఇచ్చే కాగితం) అడిగి తీసుకోండి. రేపు ఎవరైనా ఈ డబ్బు ఎక్కడిదంటే ముందు చూపించాల్సిన కాగితం అదే.

వెస్టర్న్ యూనియన్ లాంటి మార్గం వ్యక్తిగత, కుటుంబ అవసరాలకు ఉద్దేశించింది. ఒక్కసారికి 2,500 డాలర్లు, ఏడాదికి 30 సార్లు దాని పరిమితి. ఫీజుకు అది తగదు. క్రిప్టోలో తీసుకుంటే పన్ను చిక్కులు అటుంచి, నల్లధనం మీద రాసే మనిషి ఖాతాలో అది కనపడటమే ఎదుటివాడికి ఆయుధం.

అమెరికా సంస్థలు డబ్ల్యూ-8బెన్ ఫారం (మీరు అమెరికా పన్నుల పరిధిలోని వ్యక్తి కాదని చెప్పే కాగితం) అడుగుతాయి. నింపి ఇవ్వకపోతే 30 శాతం పన్ను కింద పట్టుకునే ప్రమాదం ఉంది. భారత సంస్థలైతే వృత్తి ఫీజు మీద 10 శాతం టీడీఎస్ కోస్తాయి, రిటర్ను వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది. ఏడాది మొత్తం రాబడి 20 లక్షలు దాటనంత వరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. వకీళ్లకూ, డాక్టర్లకూ ఉన్నట్టు రాబడిలో సగమే ఆదాయంగా చూపించే సౌకర్యం తమకూ ఉందని చాలామంది విలేకరులు అనుకుంటారు. ఆ వృత్తుల జాబితాలో జర్నలిజం లేదు. ఖర్చుల రసీదులు దాచుకోవాల్సిందే.

బడ్జెట్ ఎలా వెయ్యాలి?

ఇద్దరు విలేకరులు 5 నెలలు పనిచేసే కథకు మేమైతే ఇలా వేస్తాం:

విలేకరుల ఫీజు, నెలకు 45,000 చొప్పున ఇద్దరికి: రూ. 4,50,000
బ్యాలెన్స్ షీట్లు చదివే సీఏ: రూ. 60,000
కంపెనీ పత్రాలు, ఈసీలు (ఆస్తుల ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లు), ఆర్టీఐ నకళ్లు: రూ. 20,000
ప్రయాణాలు, బస: రూ. 1,10,000
ఒడియా, తెలుగు, ఇంగ్లిష్ అనువాదాలు: రూ. 40,000
ప్రచురణకు ముందు వకీలు పరిశీలన: రూ. 75,000
ప్రచురణ తర్వాత కేసుల కోసం విడిగా: రూ. 1,00,000
ఫోన్లు, ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కులు: రూ. 45,000

మొత్తం 9 లక్షలు. దాని మీద 10 శాతం అనుకోని ఖర్చులకు కలిపితే 9,90,000. వకీలు పద్దులు రెండూ కలిపి 1,75,000, అంటే తొమ్మిది లక్షల్లో దాదాపు ఐదో వంతు. దరఖాస్తు నెగ్గాలని చాలామంది ముందు కోసేది ఈ పద్దునే. అదే పెద్ద తప్పు. కథ వచ్చాక నోటీసు అందిన రోజున ప్రయాణాల పద్దు ఎలాగూ ఖాళీ అయి ఉంటుంది, నిధి సంస్థ ప్రాజెక్టు ముగిసిందంటుంది. ఒప్పందం ఫీజు రూపంలో ఉన్నప్పుడు ఈ ఖర్చులన్నీ లెక్కేసి ఫీజు మొత్తంలోనే కలపాలి, విడిగా అడిగితే మళ్లీ గ్రాంట్ వాసన వస్తుంది. కేసుల సొమ్ము మాత్రం ప్రచురించే సంస్థే భరిస్తానని రాతపూర్వకంగా ఒప్పుకుంటే మరీ మంచిది.

అనువాదం పద్దు కూడా చిన్నచూపు చూసేదే. ఒడియా ఆర్‌ఓఆర్ (భూమి హక్కుల పత్రం), తెలుగు దస్తావేజు, ఇంగ్లిష్ బ్యాలెన్స్ షీటు మూడూ ఒకే ఫైల్లో ఉన్నప్పుడు విదేశీ ఎడిటర్‌కు అవన్నీ ఇంగ్లిష్‌లో కావాలి. అనువాదం మీ జట్టులోని వ్యక్తే చేస్తే గోప్యత నిలుస్తుంది, బజారులో ఇస్తే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది.

లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన వార్త కొలతను బట్టి డబ్బు తీసుకుంటూ, పనిచేసే విలేకరికి ఎలా చెల్లించాలి?

నెలవారీగా లేదా రోజుకింత అని ముందే రాసుకుని, నేరుగా అతని ఖాతాకు. వచ్చిన పదాల లెక్కన కట్టిస్తే మూడు నెలలు తహసీల్ ఆఫీసు చుట్టూ తిరిగి ఒక్క కాగితం తెచ్చిన మనిషికి మిగిలేది సున్నా.

అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది యాడ్స్ సంగతి. మండల, బ్లాక్ స్థాయి విలేకరులకు పత్రిక యాడ్స్ టార్గెట్ పెడుతుంది. పండక్కి శుభాకాంక్షల యాడ్ ఇచ్చేది సాధారణంగా కాంట్రాక్టరో క్వారీ యజమానో. గత రెండేళ్లలో ఎవరెవరి దగ్గర యాడ్స్ తీసుకున్నారో రాసివ్వమనండి. తీసుకున్నంత మాత్రాన ఆ విలేకరిని పక్కన పెట్టక్కర్లేదు. ఆ కంపెనీ ఫైలు అతనికి ఇవ్వకపోతే చాలు. దాచిపెట్టిన సంగతి ప్రచురణ తర్వాత బయటపడితే కథ మొత్తం కూలిపోతుంది.

దరఖాస్తులో ఏం రాయాలి? ఎందుకు తిరస్కరిస్తారు?

"అక్రమ గనుల అవినీతిని వెలికితీస్తాం" అని మొదలైనవి వెనక్కి వస్తాయి. వాళ్లకు కావాల్సింది పరీక్షించి చూడటానికి వీలైన ఒక్క వాక్యం: ఎవరు, ఏ సరుకును, ఏ కంపెనీ ద్వారా, ఏ దేశానికి, ఏ సంవత్సరాల్లో తక్కువ ధర చూపి పంపారని మీ అనుమానం. దాని కింద చేతిలో ఉన్న పత్రాలు, ఇంకా రావాల్సినవి, అవి రాకపోతే మిగిలే కథ. ఈ చివరిది రాసేవాళ్లు తక్కువ. దుబాయ్ ఖాతా దొరక్కపోయినా, పర్యావరణ అనుమతికి మించి తవ్వకం జరిగిందని స్థానిక కాగితాలతోనే నిరూపించగలిగితే అది కనీస కథ. కనీస కథ గట్టిగా ఉంటే నిధి ఇచ్చేవారికి ధైర్యం వస్తుంది.

కాగితాలకు ఎంతవుతుంది, ఎక్కడ దొరుకుతాయి?

కంపెనీ పేరు, డైరెక్టర్లు, రిజిస్టర్డ్ చిరునామా ఎంసీఏ (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ) పోర్టల్లో ఉచితం. ఒక కంపెనీ పత్రాలు తెరిచి చూడటానికి 100 రూపాయలు. బ్యాలెన్స్ షీటు ఏఓసీ-4లో, వాటాదారుల వివరం ఎంజీటీ-7లో, బ్యాంకు తనఖాలు సీహెచ్‌జీ-1లో ఉంటాయి. ముందు చూడాల్సింది సంబంధిత పార్టీలతో లావాదేవీల నోటు, తర్వాత వడ్డీలేని అప్పులు, తర్వాత ఆడిటర్ పేరు. ఒకే గదిలో ఆరు కంపెనీలు, అన్నిటికీ ఒకే ఆడిటర్, మూలధనం లక్ష, అప్పులు కోట్లలో ఉంటే అక్కడ ఆగి తవ్వండి.

ఆర్టీఐ రెండు రాష్ట్రాల్లో ఒకలా ఉండదు. ఒడిశాలో ఫారం-ఏ నింపి, గుర్తింపు కాగితం జతచేసి, 10 రూపాయల ఫీజు కట్టాలి. మొదటి అప్పీలుకు 20, రెండో అప్పీలుకు 25 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు. తెల్లకాగితం మీద రాసి పంపితే ఫారం లేదని తిప్పి పంపుతారు, నెల పోతుంది. ఆంధ్రలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5, ఆపైన 10 రూపాయలు. జవాబుకు 30 రోజులు, మొదటి అప్పీలుకు మరో 30, రెండో అప్పీలు వెయ్యడానికి 90 రోజుల గడువు. కమిషన్ దగ్గర తేలడానికి పట్టే కాలాన్ని ప్రాజెక్టు క్యాలెండర్లో లెక్కే వెయ్యకండి. విజిలెన్స్ శాఖను ఆర్టీఐ నుంచి తప్పిస్తూ ఒడిశా ప్రభుత్వం 2016లో ఉత్తర్వు ఇచ్చింది. అవినీతి, మానవహక్కుల సమాచారానికి అది వర్తించదని 2022లో ఒరిస్సా హైకోర్టు చెప్పింది. దరఖాస్తులో ఆ తీర్పును ప్రస్తావించండి. డీపీడీపీ (డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ) చట్టం ఆర్టీఐ చట్టంలో వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన సెక్షన్ 8(1)(జె)ని బిగించింది కాబట్టి మనుషుల పేర్లు కాక లీజు నంబరు, ఫైలు నంబరు, చలానా నంబరు అడగడం మేలు.

కొఠియా గ్రామాల్లో కథ అయితే ప్రతి దరఖాస్తూ రెండుసార్లు వెయ్యాలి, పొట్టంగి వైపు ఒకటి, సాలూరు వైపు ఒకటి. రెండు రాష్ట్రాలూ తమవేనంటున్న ఊళ్లలో ఒకే పనికి రెండు ఫైళ్లు ఉన్నాయో లేదో అలాగే తేలుతుంది.

పర్యావరణ అనుమతులు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్లో ఉచితంగా దొరుకుతాయి. అనుమతిలోని ఏడాది పరిమితినీ, గనుల శాఖ చూపించే డిస్పాచ్‌నీ పక్కపక్కన పెట్టండి. అనుమతి లేకుండానో, దానికి మించో తవ్విన ఇనుప, మాంగనీసు ఖనిజపు పూర్తి విలువ కట్టాల్సిందేనని 2017 ఆగస్టు 2న సుప్రీంకోర్టు ఒడిశా కేసులోనే తీర్పిచ్చింది. రవాణా పర్మిట్లలోని బండి నంబర్లను వాహన రిజిస్ట్రేషన్లతో సరిచూడటం కాగ్ పలు రాష్ట్రాల్లో చేసిన పనే. టన్నులకొద్దీ ఖనిజం మోటారు సైకిళ్ల మీద వెళ్లినట్టు తేలింది.

ఎగుమతి డేటా దగ్గర జాగ్రత్త. కస్టమ్స్ చట్టంలో 2022లో చేర్చిన 135ఏఏ ప్రకారం ఎగుమతిదారు కస్టమ్స్‌కు ఇచ్చిన విలువ, పరిమాణం వంటి వివరాలు ప్రచురించడం నేరం. 6 నెలల దాకా జైలు, లేదా 50,000 దాకా జరిమానా, లేదా రెండూ. ప్రైవేటు కంపెనీల దగ్గర కొన్న షిప్పింగ్ డేటాను దారి వెతుక్కోవడానికి వాడుకోండి. అచ్చులో పెట్టేముందు వకీలును అడగాలి. కోర్టు రికార్డుకు ఎక్కిన పత్రం దొరికితే అది చాలా నయం.

విదేశీ వైపు బ్రిటన్ కంపెనీస్ హౌస్ పూర్తిగా ఉచితం. 25 శాతం పైన వాటా ఉన్న అసలు యజమానుల పేర్లు అక్కడుంటాయి. ఐసీఐజే ఆఫ్‌షోర్ లీక్స్ డేటాబేసు, ఓసీసీఆర్‌పీ అలెఫ్ కూడా చూడండి. వాటిలో పేరుంటే నేరమని కాదు. భారత నివాసి ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా చట్టబద్ధంగా బయటికి పంపుకోవచ్చు. ఆ పరిమితిలోనే పంపారా, రిటర్నులో చూపించారా అన్నది అసలు ప్రశ్న.

పేరు ఒకటే, మనిషి వేరైతే?

పరువు నష్టం కేసులకు ఇదే దగ్గరి దారి. సాహు, పట్నాయక్, రావు పేర్లు ఈ జిల్లాల్లో వీధికి నలుగురు. డైరెక్టర్‌కు 8 అంకెల డిన్ (డైరెక్టర్ గుర్తింపు సంఖ్య) ఉంటుంది. తండ్రి పేరు, పుట్టిన తేదీ, చిరునామా, సంతకం, వీటిలో కనీసం రెండు డిన్‌తో పాటు కలిస్తేనే ఆ మనిషి అని రాయండి. ఒడియా ఆర్‌ఓఆర్‌లో పేరు రాసే తీరు, తెలుగు దస్తావేజులోది, పాస్‌పోర్టు ఇంగ్లిష్ స్పెల్లింగ్ మూడూ వేర్వేరుగా ఉంటాయి కాబట్టి మొదటి రోజు నుంచే మూడు గడుల పట్టిక పెట్టుకోండి.

నిధి ఇచ్చినవారు కథ ముందే చూపించమంటే?

వద్దు. ఎంపిక, కోణం, ప్రచురణ తేదీ ఎడిటర్‌వేనని ఒప్పందంలో ఒక వాక్యం ఉండాలి. పురోగతి నివేదిక అడిగితే పని దశలు రాయండి, పేర్లు రాయకండి. ఆ ఈమెయిల్ ఎందరి కంట పడుతుందో మీ చేతుల్లో ఉండదు.

నోటీసు వస్తే ఏం చెయ్యాలి?

పని నోటీసుకు ముందే మొదలవ్వాలి. ప్రచురణకు కనీసం వారం, ఆర్థిక లెక్కలైతే పది రోజుల ముందు ఆరోపణలన్నీ అంశాల వారీగా రాసి ఎదుటివారికి పంపండి. వారి జవాబును కథలో పెట్టండి, జవాబు ఇవ్వకపోతే పంపిన తేదీ పెట్టండి. క్రిమినల్ పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కింద, 2 ఏళ్ల దాకా శిక్ష. సివిల్ దావాకు గడువు ఏడాది, క్రిమినల్ ఫిర్యాదుకు 3 ఏళ్లు. కథ నెట్‌లో ఉంటుంది కాబట్టి ఫిర్యాదు దూరపు కోర్టులో కూడా పడొచ్చు. అప్పుడు వాయిదా వాయిదాకీ రైలు టికెట్లు, బస. బడ్జెట్లో విడిగా పెట్టిన ఆ లక్ష అందుకే. పక్క దేశపు పత్రిక వకీలు వాళ్ల కథనే కాపాడతాడు. మీ తెలుగు కథ పరిస్థితి ఏమిటో ముందే అడగండి.

కథ చివరికి నిలబడకపోతే?

అలా జరుగుతుంది. అనుమానం తప్పని తేలిన పరిశోధన విఫలమైనట్టు కాదు, కానీ ఫీజు ఒప్పందంలో వ్యాసమే ఏకైక డెలివరీ అయితే సొమ్ము ఇరుక్కుంటుంది. డెలివరీలను దశలుగా రాయించండి: పత్రాల సేకరణకు 40 శాతం, విశ్లేషణ నివేదికకు 30, వ్యాసానికి 30. మూడోది రాకపోయినా మొదటి రెండూ మీవే.

ఎన్నేళ్లు కాగితాలు దాచాలి?

ఒప్పందం, ఇన్‌వాయిస్‌లు, రెమిటెన్స్ అడ్వైజులు, ఖర్చుల రసీదులు కనీసం 8 ఏళ్లు. కథకు ఆధారమైన పత్రాలను వీటితో కలపకండి. డబ్బు ఫైలు పన్నుల అధికారి అడిగితే చూపించాల్సింది. అందులో సోర్సు పేరు, ఫోన్ నంబరు, కలిసిన చోటు ఉన్న టాక్సీ బిల్లు ఒక్కటి కలిసినా చాలు, ఎవరితో మాట్లాడారో తెలిసిపోతుంది. అలాంటి ప్రయాణాలకు బస్సు ఎక్కండి, ఆ ఖర్చు సొంత జేబులోంచి పెట్టుకోండి.